రంగూను అమ్మాయికి పుట్టిల్లు

రంగూను నుంచి మనవాళ్లు ఓడలెక్కి తిరిగొస్తున్న రోజులవి, అరవయ్యో దశకం. గుంటూరు దగ్గర మా అత్తగారి ఊరికి కూడా ఒకతను వచ్చాడు. తాతల నాడు అక్కడి బియ్యం మిల్లుల్లో పనికి వెళ్లిన కుటుంబం. వెంట అతని భార్య, బర్మా పిల్ల. అతనికి కాగితాలున్నాయి, ఆమెకు లేవు. ఖాకీ చొక్కా కనబడితే చాలు, అది పోస్టు జవానుదైనా సరే, లోపలికి పరుగెత్తేది. తనను పట్టుకుని మళ్లీ ఓడెక్కించేస్తారని ఆమె భయం.

మా కల్లంలో మిరపకాయల తాలు ఏరడానికి వచ్చేది. తొలి కాన్పు దగ్గరపడింది. పుట్టిల్లేమో సముద్రం అవతల. ఆడపిల్లకు మొదటి కాన్పు పుట్టింట్లో కాకపోతే ఎలాగని మా అత్తగారే ఆమెను తీసుకొచ్చి మా ఇంట్లో పురుడు పోయించింది. నీళ్లు కాచింది నేను. మెప్పు మాత్రం ఆవిడకు.

ఆ మరుసటి ఏడు గాలివాన వచ్చింది. పూత మీదున్న మిరప నేలకు అంటుకుపోయింది. బర్మావాళ్ల పాక ఎగిరిపోతే మా పత్తి కొట్లో తలదాచుకున్నారు. మా గాదె కూడా తడిసి, ఉన్న గంజే అందరం పంచుకుంటున్నాం. బడి దగ్గర సర్కారువాళ్లు బియ్యం ఇస్తారని, ఆలుమగలిద్దరూ వచ్చి నిలబడాలని టముకు వేశారు. మొగుడు ఎంత బతిమాలినా ఆమె మా పత్తి కొట్లోంచి కదలలేదు. తిండి చాలక చంటివాడికి పాలు తగ్గిపోయాయి.

మా అత్తగారు ఇక ఊరుకోలేదు. ఆమెకు తల దువ్వి, బొట్టు పెట్టి, పాదాలకు పసుపు రాసింది. నా పెట్టె తెరిచి, మా అమ్మ చీరాలలో నేయించి పెట్టిన జరీ అంచు చీర తీసి ఆమెకు కట్టింది. నన్నొక మాట అడగలేదు. పైగా, పుట్టింటి నుంచి ఆడపిల్లను పాత చీరతో పంపుతామా అని నన్నే కసిరింది. నాకు ఒళ్లు మండిపోయింది.

తీరా వెళ్లి చూస్తే ఊరంతా తడి గుడ్డలతో, బురద కాళ్లతో నిలబడి ఉంది. మధ్యలో ఈమె పెళ్లికూతురిలా మెరిసిపోతోంది. ఎవరి కంటా పడకూడదనుకున్న మనిషిని తీసుకొచ్చి అందరి కళ్లలో పెట్టాం. బియ్యం పంచే అధికారి తలెత్తాడు. జరీ చీర కట్టుకున్న మనిషికి సాయమెందుకన్నాడు. తర్వాత ఆమె ముఖం పరీక్షగా చూసి, ఏ ఊరమ్మా మీదని అడిగాడు.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఈ పిల్లను మా దగ్గరే ఉంచు దేవుడా అని మనసులో మొక్కుకున్నాను.

మా అత్తగారు ముందుకొచ్చింది. ఆవిడ మాట్లాడితే పక్క వీధికి కూడా వినబడుతుంది.

“ఈ ఊరే బాబూ. మా ఇంట్లో పురుడు పోసుకుంది, మాదే దాని పుట్టిల్లు. ఆ చీర మేం పెట్టిందే. పాక మటుకు గాలికి పోయింది, కావాలంటే వచ్చి చూసుకోండి.”

వెనక నుంచి కల్లంలో ఆమెతో పనిచేసే ఆడవాళ్లంతా అందుకున్నారు. మా పిల్లేనండీ అని ఒకటే గోల. అధికారికి సంగతి అర్థమైందని ఆయన ముఖమే చెప్పింది.

“పుట్టింటివాళ్లు ఇంతమంది ఉండగా ఈ అమ్మాయిని నేనెక్కడికి పంపుతానమ్మా? కొంగు పట్టమనండి,” అన్నాడు.

ఆమె పట్టింది. నా జరీ కొంగులోనే బియ్యం పోశారు.

అంతవరకూ ఆమె ఎక్కడికి వెళ్లినా ఇళ్ల వెనకగా, చేలగట్ల మీద పడి వెళ్లేది. ఆ రోజు చంటివాణ్ణి మొగుడి చేతికిచ్చి, బియ్యం ఒడిలో పట్టుకుని, మా అందరికన్నా ముందు, నడిబజారులో నడిచి ఇంటికి వచ్చింది.