బాగున్నానంటే నమ్మని రూతు

పెడనలో మా వీధి చివర చిన్న ఆసుపత్రి ఉండేది. అక్కడి నర్సు రూతు సైకిలు బెల్లు మోగితే వీధి కుక్కలు కూడా వరసగా కూర్చుని నాలుకలు చూపించేవి. నేను కళ్లారా చూశాను. నమ్మకపోతే ఆ కుక్కల్నే అడగండి.

అరవై మూడులో దిగులు జబ్బుకు కొత్త మాత్రలొచ్చాయి. వాటితో నోరెండుతుంది, లేస్తే కళ్లు తిరుగుతాయి. మోతాదు మించితే ప్రాణానికే ముప్పు. కలంకారీ అద్దకం పనివాడు భావనారాయణ భార్య పోయాక అద్దే చెక్క అచ్చు ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకుంటే, డాక్టర్ మధుసూదనరావు గారు ఆ మాత్రలే రాశారు.

"పాపం, మాటిమాటికీ రాలేనంటున్నాడు. నెలకు సరిపడా ఇచ్చెయ్."

"వారానికే ఇస్తానండీ," అంది రూతు.

"డాక్టరు నువ్వా, నేనా?"

"మీరేనండీ. వాళ్లింటికి వెళ్లి చూసేది మాత్రం నేను."

వెళ్లేది. ఎలా ఉన్నారని అడిగేది కాదు. మా వైపు మనిషి పీకల్లోతు మునిగినా "బాగున్నానండీ" అనే అంటాడు, అది మర్యాద. అందుకని నాలుక చూసేది, లేచి నిలబడమనేది, పనిలోకి దిగినవాళ్లయితే, ఆరేసిన బట్ట మీద పువ్వుకు పువ్వు సరిగ్గా కలిసిందో లేదో వేలితో తడిమేది.

మూడో వారానికి అతను లేచి పనిలోకి దిగాడు. చెల్లెలు సత్యవతి సంబరపడిపోయింది. "అన్నయ్యకు నయమైపోయిందమ్మా! నిన్న అచ్చులన్నీ మా అక్క కొడుక్కి ఇచ్చేశాడు కూడాను!"

రూతు నవ్వలేదు. చెయ్యి ఆడినన్నాళ్లూ అద్దకంవాడు తన అచ్చులు ఒకరికివ్వడు. అతని ఎదుట చతికిలబడి సూటిగా అడిగింది.

"బాబాయ్ గారూ, చచ్చిపోదామనుకుంటున్నారా?"

సత్యవతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అతను గోడవైపు చూస్తూ, "అందుకేనమ్మా నెల మాత్రలు అడిగింది," అన్నాడు.

రూతు మాత్రలు సత్యవతి చేతికిచ్చి, అతన్ని అప్పటికప్పుడు రిక్షా ఎక్కించింది.

డాక్టరు గారు తలెత్తకుండానే, "ఏవయ్యా, బాగున్నావా?" అన్నారు.

భావనారాయణ రూతు వైపు చూశాడు. "లేనండీ. బాగాలేను."

డాక్టరు గారు కలం పక్కన పెట్టి స్టూలు లాగారు. "కూర్చో. చెప్పు." ఆ రోజు నుంచి ఆ మాత్రలు ఎవరికైనా వారానికే.

పదో వారంలో భావనారాయణ మేనల్లుడింటి మీదికి వెళ్లాడు. "నా అచ్చులు నాకివ్వరా! నేనింకా చావలేదు!" అని వీధంతా వినేలా దెబ్బలాడాడు.

రూతు సైకిలాపి ఆ కేకలన్నీ విన్నది. ఆ రోజు నాలుక చూడలేదు.