ఐర్లండ్ పొయ్యిలో అనకాపల్లి బెల్లం

నేను ఒక్క పూటలో చేసిన ఘోరం తెలిస్తే మా ఊరి బెల్లం మార్కెట్టువాళ్లు నన్ను వీధిలో నడవనివ్వరు. మీరు మాత్రం ఎవరికీ చెప్పకండి.

డబ్లిన్‌లో నర్సుగా పనిచేసే మా మరదలు మంగ అప్పుడు కడుపుతో ఉంది. సెలవులు మాతో కలిసి గడుపుదామని ఆ దేశంలోనే ఓ పల్లెలో పాత రైతు ఇల్లు అద్దెకు తీసుకుంది. "అక్కా, ఇంకేటీ తేకు. మనూరి బెల్లం తే సాలు, కల్లోకొత్తంది" అంది ఫోనులో. మా ఆవిడ వరాలు పెట్టెలోంచి తన చీరలు తీసేసి మరీ, నల్లబెల్లం దిమ్మ పగలగొట్టి ఆరు ముక్కలు అందులో సర్దింది.

మంగకంటే ఒకరోజు ముందే దిగాం. గడ్డికప్పు, బారెడు మందం రాతిగోడలు, అగ్గిపెట్టెలంత కిటికీలు. వానైతే, వెళ్లొస్తానని గుమ్మంలోనే నిలబడి కబుర్లు చెప్పే చుట్టంలా ఎంతకీ కదలదు. ఆ చెమ్మకి బెల్లం నీరుకారడం మొదలెట్టింది.

అక్కడ కట్టెలకు బదులు, గడ్డీగాదం కుళ్లి తయారైన బురదమట్టిని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి కాలుస్తారు. ఆ నల్లటి ముక్కల బుట్ట పొయ్యి పక్కనే ఉంది. ఏళ్లతరబడి పత్రికకు బెల్లం ధరలు రాసినవాణ్ణి, బెల్లాన్ని ఎలా కాపాడాలో నాకొకరు చెప్పాలా? వెచ్చగా ఉంటుందని ముక్కలన్నీ ఆ బుట్టలోనే పైన పేర్చాను.

తెల్లారి చలికి వణుకుతూ లేచాను. కళ్లజోడు వెతికే ఓపిక లేదు. బుట్టలోంచి రెండు ముక్కలు తీసి, రాత్రి నిప్పులింకా ఆరని పొయ్యిలో వేశాను. బుసబుసా పొంగాయి. మట్టి తడిసినట్టుందని ఇంకో నాలుగు వేశాను. మంట భగ్గుమంది.

"వరాలూ, ఇలా రా! రైతు ఇల్లు ఏ దేశంలోనైనా ఒకటే. ఈ మట్టికి కూడా మన బెల్లం బట్టీ వాసనే!"

"మట్టికి పాకం వాసనేటండీ?" అంటూ వచ్చింది. బుట్ట చూసింది, పొయ్యి చూసింది, చివరికి నన్ను చూసింది. "ఓలమ్మో! బెల్లం తగలెట్టీసేరండీ!"

"అంతా కాదులే..."

"ఏదీ, మిగిలింది సూపించండి!"

బుట్ట తిరగేశాను. అంతా మట్టే. సరిగ్గా అప్పుడే బయట మంగ కారు ఆగింది.

"అక్కా! పాకం వాసనొత్తంది, అరిసెలు సేత్తన్నావేటి?"

"నేను కాదే, మీ బావే సేసేరు. పొయ్యిలో పడేసి మరీ!"

మంగ ఏడుస్తుందనుకున్నాను. ఆమె చెంచా తీసుకుని పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుంది. అంచు రాతిమీదికి కారి గడ్డకట్టిన పాకం గీకి నోట్లో వేసుకుంది. కళ్లు మూసుకుంది.

"మాడింది గానీ మనూరిదే, బావా. ఇకనుంచి పొయ్యిలో ఏదేసినా ముందు నాలికతో నాకి సూడు."

చెయ్యి చాపి, పొయ్యి సాక్షిగా ఒట్టేశాను. సెలవులు అయ్యేదాకా రోజూ పొద్దున్నే ఆ ఒట్టు నిలబెట్టుకున్నాను. ఐర్లండ్ మట్టి రుచి గురించి ఎవరికేం అనుమానమున్నా అనకాపల్లి వచ్చి నన్నడగండి.