పసుపు పెట్టని కాయితం

"రంగు డబ్బా మూత గట్టిగా ఎట్టే, ఎండిపోద్ది" అన్నాడు మా బావ. "ముందు నువ్వా సొక్కా ఇప్పు, మోసేతి కాడ పచ్చరంగు అంటుకున్నాది" అన్నాను నేను. విప్పలేదు. మొదటి షిఫ్టుకు వేళైపోయిందని అదే చొక్కాతో సైకిలెక్కి జూట్ మిల్లుకు వెళ్లిపోయాడు. గేటు ఎదురుగా టీ కొట్టు బల్ల మీద కూర్చుని, గ్లాసు చేతిలో ఉండగానే పక్కకు ఒరిగిపోయాడట. కాపురం చేసినన్నాళ్లూ ఎన్ని మాట్లాడుకున్నామో లెక్కలేదు గానీ, ఆఖరికి మాకు మిగిలింది మాత్రం కిటికీ రంగు మాటే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పొద్దున్న మా తమ్ముడి కూతురు వచ్చింది. విజయనగరంలో ఇల్లు కొనుక్కుంటోంది. రేపు బ్యాంకులో సంతకాలు. చేతిలో కాయితాల కట్ట, ముఖంలో దిగులు. అందులో ఇన్సూరెన్సు కాయితం ఒకటుందట. లోను తీరకుండా మనిషి పోతే, మిగిలిన బాకీ ఇన్సూరెన్సు వాళ్లే కట్టేస్తారట. శుభమా అని ఇల్లు కొంటుంటే చావు మాటేమిటని దాని అత్తగారు వద్దంటోందట. మా తమ్ముడేమో ఫోనులో కూతుర్ని కేకలేశాడు. అది ఫోను స్పీకరులో పెట్టింది కాబట్టి నేనూ విన్నాను. "మీ మావ సేసిన ఎర్రిపనే నువ్వూ సెయ్యకు. ఆడు ఆ కాయితం మీద సంతకం ఎట్టక మీ అత్తని వంటింటి పాలు సేసినాడు" అన్నాడు. మావంటే మా బావ, అత్తంటే నేనే. సాయంత్రం వస్తానని చెప్పి మా తమ్ముడు ఫోను పెట్టేశాక, కాయితమూ పెన్నూ తియ్యమన్నాను దాన్ని. నాకు చదువంటే సంతకం వరకే. నేను చెబుతుంటే అది రాస్తోంది.

మా కాలంలో ఇల్లంటే ఇంత హడావుడి లేదనుకుంటారు గానీ, మేమూ తక్కువ తిరగలేదు. పొందూరు దగ్గర మా అమ్మ నాకిచ్చిన చోడి చేను అమ్మి స్థలం కొన్నాం. కట్టుబడికి డబ్బు లేదు. మిల్లులో ఇచ్చే జీతం చీటీలు మా బావ ఇనప్పెట్టెలో చీర మడతల మధ్య దాచేవాడు. బ్యాంకు వాళ్లు అడిగితే బయటికి తీశాం. కలరా ఉండల వాసనకి ఆఫీసరు ముక్కు మూసుకున్నాడు. పాపం మంచివాడే. స్థలం చూడ్డానికి ఎండలో వచ్చి, రెండు చెంబుల మజ్జిగ తాగి, పునాదికి కొంత, గోడలకు కొంత, శ్లాబుకు కొంత ఇస్తామని చెప్పాడు. ఇరవై ఏళ్ల వాయిదా అన్నాడు. ఇరవై ఏళ్లంటే ఎంతో నాకు తెలియలేదు. అప్పటికి మా పెళ్లయి పదకొండేళ్లు. పిల్లల్లేరు. ఇల్లన్నా ఉండాలని నేనే పట్టుబట్టాను.

సంతకాల రోజుకి పురోహితుడి చేత గురువారం ముహూర్తం పెట్టించాను. మావైపు కొత్త కాయితమేదైనా నాలుగు మూలలా పసుపు పెట్టందే సంతకం చెయ్యరు. నేను కొంగున పసుపు పొట్లం కట్టుకుని వెళ్లాను. ఆఫీసరు ఒక్కొక్క కాయితం తీస్తుంటే, నేను వేలితో నాలుగు మూలలా అద్ది మా బావ ముందుకు జరిపేదాన్ని. ఆఫీసరు నవ్వుకుంటూ వేళ్లు రుమాలుతో తుడుచుకుంటున్నాడు. అలా ఎన్ని అయ్యాయో, చివర ఒక కాయితం తీసి, ఇది రుణగ్రహీత చనిపోతే పనికొచ్చేది, దీనికి డబ్బు ఒక్కసారే కట్టాలి, అదీ లోనులోనే కలిపేస్తాం అన్నాడు. పసుపు పట్టిన నా వేలు గాల్లోనే ఆగిపోయింది.

"మంచి గడియలో ఆ మాటేటి బాబూ?" అన్నాను.

మా బావ నవ్వాడు. "రాసుకున్నంత మాత్రాన సచ్చిపోతానేటే. మనకి మంచిదేనంట, ఎట్టనీ" అన్నాడు.

"నువ్వు దాని మీద సంతకం ఎడితే నాను ఆ ఇంట్లో అడుగెట్టను" అన్నాను. అని, ఆ కాయితం నా చేత్తోనే ఆఫీసరు వైపు వెనక్కి తోసేశాను. నా కళ్లలో నీళ్లు చూశాడు మా బావ. పెన్ను క్యాపు పెట్టేశాడు. బయటికొచ్చాక నాకు గోలీసోడా కూడా ఇప్పించాడు. ఏదో గొప్ప గండం తప్పించినట్టు నేను దర్జాగా తాగాను.

లోను తీసుకున్న ఆరో ఏట పోయాడు. చావు కాయితం పట్టుకుని బ్యాంకుకి వెళితే, కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ ఫైలంతా తిరగేసి, ఇన్సూరెన్సు లేదమ్మా అంది. మూలల్లో పసుపు ఇంకా అలాగే ఉంది. ఇల్లు అమ్మేసి బాకీ తీర్చెయ్యమన్నారు అందరూ. నేను అమ్మలేదు. ముందు రెండు గదులూ నర్సింగు చదివే అమ్మాయిలకు అద్దెకిచ్చి, వంటింట్లో చాప వేసుకున్నాను. అద్దె డబ్బు నేరుగా వాయిదాకి పోయేది. నాకు మిషను కుట్టు చాలింది. సొంతింట్లో వంటింటికి పరిమితమైన దాన్నని వచ్చిన వాళ్లతో నేనే నవ్వుతూ చెప్పేదాన్ని. ఆ అమ్మాయిలు రాత్రింబవళ్లు ఎముకల పేర్లు వల్లె వేస్తుంటే నాకూ కొన్ని వచ్చేశాయి. పోయిన శ్రావణంలో బాకీ తీరింది. కాయితాలు చేతికొచ్చాయి. ఇప్పుడు ముందు గదిలోనే పడుకుంటున్నాను.

కానీ ఈ పద్నాలుగేళ్లూ మా తమ్ముడు మా బావని ముందుచూపు లేనోడు, పెళ్లాం గురించి ఆలోచించనోడు అంటూనే ఉన్నాడు. పండక్కీ అన్నాడు, తద్దినానికీ అన్నాడు. నేను వింటూ కూర్చున్నాను. వద్దన్నది నేనని చెబితే నన్ను తిడతాడన్న భయం మొదట్లో. తర్వాత, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటాడని భయం. పోయినవాడు ఎదురు చెప్పలేడు కదా. అతని మీదే ఉండనిచ్చాను.

ఇక్కడికి వచ్చేసరికి నా మేనకోడలు రాయడం ఆపేసింది.

"అత్తా, ఇది నాన్న సదువుతాడు" అంది.

"సదవాలనే గుంటా" అన్నాను.

నీ కాయితం నీ ఇష్టమే గానీ, చావు మాట వినబడకుండా చేస్తే చావు ఆగదని నాకు తెలిసింది. రేపు సంతకాలు పెట్టే ముందు మీ అత్తగారికి కూడా ఇది వినిపించు. వాయిదాలు నెలకొకటి చొప్పున వాటంతట అవే తరిగిపోయాయి. మా బావ తప్పు లేదన్న ఒక్క మాట చెప్పడానికి మాత్రం నాకు అన్నేళ్లూ పట్టింది. సరే, మీ నాన్న వచ్చే వేళయింది. మొదటి నుంచి ఒకసారి చదువు. ఆ కాయితం నేనే వెనక్కి తోశానన్న చోట గొంతు తగ్గించకు.