ఎవలు లేరు?

అమల టీచర్ క్లాసులో హాజరు పిలవదు. వరసగా పేర్లు చదవడం, పిల్లలు "ప్రెజెంట్ మేడమ్" అని గొంతు చించుకోవడం, ఆ తంతంటేనే ఆమెకు గిట్టదు. ఛత్రినాకలో బీరయ్య పాలకేంద్రం మీదున్న రెండు గదుల్లో ఆ బడి నడుస్తుంది. దానికి సరైన బోర్డు కూడా లేదు. మెట్ల పక్క గోడ మీద పిల్లలే రంగులు పూసి బడి పేరు రాసుకున్నారు. అందులో ఒకచోట దీర్ఘం ఎక్కువైంది, ఎవరూ దిద్దలేదు. మామూలు బడుల్లో ఇమడలేక బయటపడ్డవాళ్లు, బడి మొహమే చూడనివాళ్లు, తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ చంకనేసుకుని తిరుగుతూ ఈడు దాటిపోయినవాళ్లు, వీళ్లే అక్కడి విద్యార్థులు. అందర్నీ చాపల మీద గుండ్రంగా కూర్చోబెట్టి, తానూ వాళ్ల మధ్యే చతికిలబడి, అమల రోజూ పొద్దున్నే ఒక్క మాట అడుగుతుంది.

"ఎవలు లేరు?"

ఇక చూడాలి ఆ లొల్లి! మెడలు అటూ ఇటూ తిరుగుతాయి, వేళ్లు లేస్తాయి, ఒకరి మీద ఒకరు పడతారు.

"పింటూ లేడక్కా! డప్పులోల్ల ఎంబడి పోయిండు, నేనే చూసిన!"

"ఏయ్, నేను ముందు చెప్పిన!"

చాడీ చెబుతున్నారనుకునేరు, కాదు. అక్కడొక షరతు ఉంది. ఎవరు పేరు చెబితే వాళ్లు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక అక్క వెంట ఆ ఇంటికి నడవాలి. వెళ్లి ఊరికే పలకరించి రావడం కాదు, రానివాణ్ని చెయ్యి పట్టుకుని తీసుకురావాలి. గొంతు ఎక్కువ ఉన్నవాడికి నడక కూడా ఎక్కువే. అయినా పేరు చెప్పడానికి ఎవరూ వెనకాడేవాళ్లు కాదు.

ఈ పద్ధతి అమల ఏ పుస్తకంలోనూ చదివి తెచ్చింది కాదు. కంచన్‌బాగ్‌లో ఒక లోహాల ఫ్యాక్టరీలో పనిచేసిన రాజన్న కూతురు ఆమె. డిగ్రీ అయ్యాక యాకుత్‌పురాలో ఒక ప్రైవేటు బడిలో చేరి చాలా ఏళ్లే పాఠాలు చెప్పింది. అక్కడ ఒకనాడు హాజరు తీస్తూ ఒక పిల్లవాడి పేరు పిలిస్తే పలుకు రాలేదు. మళ్లీ పిలిచింది. క్లాసంతా పకపకా నవ్వింది. వాడు బడి మానేసి చానాళ్లయిందట, ఎక్కడో వెల్డింగు షాపులో పనికి కుదిరాడట. తానేమో రోజూ వాడి పేరు పిలుస్తోంది, పలుకు రాకపోతే తర్వాతి పేరుకు పోతోంది. 'ఇదేం బడి! ఉన్నవాళ్లు ఉన్నామని చెప్పుకుంటారు, లేనివాడి సంగతి చెప్పే దిక్కే లేదు' అని ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటతోనే అక్కడ మానేసి ఇక్కడికి వచ్చింది. వచ్చిన మొదటి రోజునుంచీ ఇదే ప్రశ్న.

గర్వం లేదంటే అబద్ధమే. ఎవరైనా బడి చూడ్డానికి వస్తే, "మా పిల్లలు పక్కోణ్ని మర్చిపోరు సార్" అని మెడ నిలబెట్టి చెప్పేది. నలభై ఎనిమిదేళ్ల మనిషి, మోకాళ్లు నొప్పులు, అయినా ఎండనక వాననక గల్లీ గల్లీ తిరిగేది. గడపలో నిలబడి నవ్వుతూ మాట్లాడేది. తండ్రులు కుర్చీలు వేసేవాళ్లు, తల్లులు చాయ్ పెట్టేవాళ్లు. మర్నాడు పిల్లలు బడికి వచ్చేవాళ్లు. ఇంకేం కావాలి ఒక టీచర్‌కు?

ఆషాఢం ముసురు పట్టిన ఒక పొద్దున కూడా ఎప్పటిలాగే అడిగింది.

"ఎవలు లేరు?"

"అందరున్నరక్కా," అంది స్వీటీ. వెంటనే అంది. మిగతావాళ్లు కూడా "ఉన్నరు, ఉన్నరు" అన్నారు.

అమల నమ్మింది. ఎందుకు నమ్మదు? వాళ్ల మాట మీదే కదా ఆ క్లాసు నడిచేది. లెక్కలు మొదలుపెట్టింది. మధ్యలో బస్సు కండక్టరు చిల్లర ఇవ్వకుండా ఎట్లా తిప్పుకుంటాడో అభినయించి చూపించింది. అందరూ నవ్వారు. నవ్వి ఊరుకున్నారు. అప్పుడు ఆమెకు ఏదో వెలితిగా అనిపించింది.

రెండో నవ్వు రాలేదు.

ఆ క్లాసులో పూజిత అని ఒక పిల్ల ఉంది. పదమూడేళ్లు. ఏ హాస్యమైనా ఆమెకు కాస్త ఆలస్యంగా ఎక్కుతుంది. అందరూ నవ్వడం అయిపోయాక, గది నిశ్శబ్దమయ్యాక, కిటికీ పక్కనుంచి ఒక్కతే ఫక్కుమంటుంది. దాంతో క్లాసంతా మళ్లీ మొదలు. అమల కిటికీ వైపు చూసింది. స్వీటీ పక్కన చాప ఖాళీగా ఉంది.

"పూజిత ఏది?"

ఎవరూ తల ఎత్తలేదు. పింటూ అంతటి వాగుడుకాయ చాప అంచు గోటితో పీకుతూ కూర్చున్నాడు.

"గదేంది, అందరున్నరన్నరు? సరే తియ్యి, పేరు నేనే చెప్పిన గదా, నేనే పోత," అంది అమల, కొంచెం కోపంగానే.

"వద్దక్కా," అంది స్వీటీ. ఆ పిల్ల మొహం చూసి అమల మళ్లీ లెక్కల్లోకి దిగింది.

మధ్యాహ్నం మిగతావాళ్లు కింద చేతులు కడుక్కుంటుంటే, స్వీటీని మెట్ల మీద పక్కన కూర్చోబెట్టుకుంది. "చెప్పు బిడ్డా. ఏమైంది?"

"ఒట్టు పెట్టుకున్నమక్కా."

"ఎవరి మీద?"

"పూజిత తన మీదనే పెట్టించుకుంది. నా పేరు చెప్పకుర్రి, చెప్తే అక్క వస్తది అని." పిల్ల మెట్ల కిందికి ఒకసారి తొంగి చూసింది. "మొన్న నువ్వు, నేను, పింటూ వాల్లింటికి పోయినం గదా. వాల్ల బాపు కుర్సీ ఏసిండు, చాయ్ తెప్పిచ్చిండు, నీకు దండం గూడ పెట్టిండు. నువ్ పోయినంక కొట్టిండక్కా. 'మేడమ్‌ను ఇంటి మీదికి తోలుకొస్తవా, బస్తీల నా ఇజ్జత్ తీస్తవా' అని బెల్టుతోని కొట్టిండు. నేను పిలవలే బాపూ, ఆమెనే వచ్చింది అన్నది. అయినా ఇనలే."

"నీకెట్ల తెలుసు?"

"మా గోడ, వాల్ల గోడ ఒక్కటే గదక్కా."

ఆ చాయ్ అమలకు గుర్తుంది. యాలకులు వేసిన చాయ్. "ఇంత మంచి చాయ్ మా దిక్కు దొరకదు తమ్మీ" అని పూజిత తండ్రి మహేందర్‌ను మెచ్చుకుని మరీ లేచింది. అతను ఆటో నడుపుతాడు, నెమ్మదస్తుడు, మర్యాదస్తుడు అనుకుంది. చంటివాడు వరుణ్‌ను చూసుకునే దిక్కు లేక పిల్లను ఇంట్లో ఉంచుతున్నాం, రేపట్నుంచి పంపిస్తాం అని అతను అంటే మురిసిపోయింది. అతను అన్నట్టుగానే పూజిత మర్నాడు బడికి వచ్చింది. పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని వచ్చింది. ముసురు కదా, చలేమో అనుకుంది అమల. ఛీ, ఏం కళ్లు ఇవి!

"ఒక్క పూజిత ఇంట్లనేనా గిట్ల?" అని అడిగింది, వినాలని లేకపోయినా.

స్వీటీ ఆలోచించింది. అక్కకు బాధ కలగకుండా ఎట్లా చెప్పాలా అన్నట్టు ఆలోచించింది. "అందరిండ్లల్ల కాదక్కా. కొందరిండ్లల్ల."

కొందరి ఇళ్లల్లో. ఆ కొందరు ఎవరో అమల అడగలేదు, అడిగే ధైర్యం రాలేదు. ఇన్నేళ్లుగా తాను నవ్వుకుంటూ దిగి వచ్చిన గడపలన్నీ కళ్లముందు తిరిగాయి. ఏ గడప వెనక ఏం జరిగిందో! పిల్లలు మర్నాడు బడికి వచ్చింది చదువు మీద ప్రేమతోనా, లేక అక్క మళ్లీ ఇంటికి రాకుండా ఉండాలనా? చేసిందంతా మంచే అనుకున్న మనిషికి ఇంతకన్నా శిక్ష ఉంటుందా చెప్పండి. ఆ సాయంత్రం ఆమె బస్సెక్కి, దిగాల్సిన స్టాపు దాటిపోయి, ఎక్కడో దిగి వెనక్కి నడిచింది.

బడి బాధ్యతలు చూసే కీర్తిప్రియకు ఫోన్ చేసి అంతా చెప్పింది. ఆ అమ్మాయి మంచిదే, చిన్న వయసు. "అక్కా, ఇంక కొన్నాళ్లు ఇండ్లకు పోవుడు బంద్ చేద్దాం. నేను పిల్లల సంరక్షణోళ్లతోని మాట్లాడ్త, వాల్లొచ్చి చూస్తరు," అంది.

"వస్తరు. వచ్చి మాట్లాడి పోతరు. పోయినంక?" అంది అమల.

"గదే గదక్కా, నాకూ తెలుస్తలేదు," అంది కీర్తిప్రియ. అమలకు మాత్రం తెలుసా? పోతే ఆ పిల్లకు దెబ్బలు. పోకపోతే పిల్లే పోతుంది. ఆ చంటివాడు పెద్దవాడయ్యేదాకా ఆ ఒక్క గదిలో ఉండిపోతుంది, ఆ తర్వాత బడి ఊసే ఉండదు. ఇట్లాంటి పిల్లలను ఆమె ఎందరినో చూసింది.

మర్నాడు పొద్దున చాపల మీద అందరూ గుండ్రంగా కూర్చున్నారు. అమల ఆ మాట అడగలేదు. నేరుగా పుస్తకం తెరిచింది. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అక్కా, ఎవలు లేరని అడగవా?" అన్నాడు పింటూ.

"వద్దురా," అంది.

ఆ రోజు ఏ పాఠమూ సాగలేదు. చెప్పిందే చెప్పింది, బోర్డు మీద తప్పు రాసింది, ఎవరూ నవ్వలేదు. అన్నాల వేళకు పిల్లలను తోటి టీచర్‌కు అప్పగించి, ఎవరికీ చెప్పకుండా, ఎవర్నీ వెంటబెట్టుకోకుండా మెట్లు దిగింది. ఏం చేయాలో తెలిసి వెళ్లిందనుకోకండి. ఏమీ తెలియదు. కూర్చోలేక వెళ్లింది.

గల్లీ మొదట్లో నల్లా దగ్గర స్వీటీ నాయనమ్మ లలితమ్మ పెరుగు బకెట్లు కడుగుతోంది. అమలను చూసి చెయ్యి ఆపింది.

"ఏడికి టీచరమ్మా? ఆల్లింట్ల ఎవరు లేరు. తల్లి పనికి పోయింది. మహేందర్ బయట తాళం ఏసుకపోయిండు."

"పిల్లలు?"

లలితమ్మ బకెట్ వైపు చూసింది. "లోపట్నే," అంది మెల్లగా. "అన్నం యాల్లకు వస్తడు. నువ్ పో తల్లీ, మల్ల లొల్లయితది."

అమల ముందుకే నడిచింది. నీలం రంగు తలుపు, బయట గొళ్లానికి తాళం. లోపల చంటివాడు ఏడుస్తున్నాడు. జోకొట్టి ఊరుకోబెడుతున్న చప్పుడు కూడా వినిపిస్తోంది. తలుపు మీద వేలితో తట్టింది.

"పూజితా."

ఊరుకోబెట్టే గొంతు టక్కున ఆగిపోయింది. చంటివాడు మాత్రం ఏడుస్తూనే ఉన్నాడు.

"పూజితా, నేను బిడ్డా. అమలక్కను."

చాలాసేపటికి తలుపుకు ఆనుకుని ఎవరో నిలబడ్డట్టు చెక్క కిర్రుమంది. తర్వాత లోపలినుంచి, చెవి పెడితే తప్ప వినపడనంత చిన్నగా మాట వచ్చింది.

"పూజిత లేదక్కా."

క్లాసులో అమల ఎన్నిసార్లు విన్నది ఆ మాట! ఫలానావాడు లేడక్కా, ఫలానాది లేదక్కా. ఎప్పుడూ ఇంకొకరి పేరే. ఎవరి పేరు వాళ్లే చెప్పుకోవడం ఇదే మొదలు. కళ్లు తుడుచుకుని, తలుపుకు మొహం ఆనించి అంది.

"పేరు చెప్పినోల్లు నాతోని నడవాలె గదా బిడ్డా. షరతు మర్చిపోయినవా?"

లోపల చప్పుడు లేదు. పిల్ల వెళ్లిపోయిందేమో అనుకుంది. అప్పుడు, అంతా నిశ్శబ్దమయ్యాక, ఆలస్యంగా, ఎప్పటిలాగే ఒక్కతే ఫక్కుమంది పూజిత. నవ్వింది కానీ ఆ నవ్వు చివరిదాకా రాలేదు, మధ్యలోనే ఏడుపైపోయింది.

"పో అక్కా. బాపు వచ్చే యాల్లయింది. నీకు దండం పెడ్త, పో. నువ్ పోయినంక..."

అవును. నువ్వు పోయినంక. స్వీటీ కూడా అదే మాట అన్నది. తాను గడపలో ఉన్నంతసేపు ఏ ఇంట్లోనూ ఎవరూ ఎవర్నీ కొట్టలేదు. కుర్చీలు వేశారు, చాయ్ ఇచ్చారు, దండాలు పెట్టారు. జరిగిందంతా తాను సంచి భుజానికేసుకుని, నవ్వుకుంటూ గల్లీ మలుపు తిరిగాకే జరిగింది.

అమల సంచి ఒళ్లో పెట్టుకుని ఆ గడప మెట్టు మీద కూర్చుంది. మెట్టు తడిగా ఉంది, చీర తడిసింది. మోకాళ్లు నొప్పి పుట్టాయి. ఎదురింటి ఆడవాళ్లు తలుపుల్లోకి వచ్చి చూశారు. లలితమ్మ కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి కొంచెం దూరంలో నిలబడింది. లోపల చంటివాడి ఏడుపు తగ్గింది, తలుపు కింది సందులోంచి పూజిత పాదాల నీడ మాత్రం కదలలేదు.

గల్లీ చివర ఆటో ఆగింది. మహేందర్ దిగి, చేతిలో తాళంచెవి ఆడిస్తూ వస్తూ వస్తూ ఆమెను చూశాడు. ఒక్క క్షణం ఆగి, వెంటనే మొహం నిండా నవ్వు తెచ్చుకుని రెండు చేతులూ జోడించాడు.

"అరె, నమస్తే మేడమ్! ఫోన్ చేస్తే నేనే వస్తుంటి గదా. గట్ల కింద కూసున్నరేంది? లలితమ్మా, ఒక కుర్సీ ఎయ్యి. చాయ్ తాగి పోదురు మేడమ్."

అమల లేవలేదు. భయంగానే ఉంది, చేతులు సంచిని గట్టిగా పట్టుకున్నాయి.

"చాయ్ వద్దు తమ్మీ," అంది. "తాళం తియ్యి. ఇయ్యాల నేను పోను."