ఎండలో ఒక రికార్డు: కర్నూలు నుంచి ఎర్రగుంట్ల దాకా

ముందే చెప్పేస్తున్నాను, నేను పుట్టు పిరికిదాన్ని. బస్సెక్కితే డ్రైవరు కళ్ళు మూసుకుంటున్నాడేమోనని అద్దంలో చూస్తూ కూచునే రకం. అలాంటి నా చేత మే నెలలో, మా రాయలసీమ ఎండలో ఒక రికార్డు మోయించాడు ఓబులేసు. వాడు కాలేజీలో నాకు జూనియర్. ఇప్పుడు ఎర్రగుంట్లలో ఒక సిమెంటు ఫ్యాక్టరీ కాటా దగ్గర లారీలు తూస్తాడు. ఇంటికొచ్చాక చిన్న చిన్న యంత్రాలు ముందేసుకుని ఆసిడ్ హౌస్ చేస్తాడు. తెలియనివాళ్ళకు ఒక్క మాట: ఆగకుండా సాగే దరువు ఒకటి, దాని మీద జిగురు జిగురుగా మెలికలు తిరిగే ఒక కీచు మోత. ఊరేగింపుల డీజే అనుకునేరు, అది వేరు. ఈ సంగీతాన్ని ఈ మధ్య బెంగుళూరులో, హైదరాబాదులో కొందరు మళ్ళీ నల్ల రికార్డుల మీద కొద్ది కాపీలుగా విడుదల చేస్తున్నారు. కొనుక్కుని బస్సుల్లో తెచ్చుకునే పాఠకులు నాకు ఉత్తరాలు రాస్తుంటారు గనక ఈ గోడు వాళ్ళకు పనికొస్తుంది.

ఓబులేసు తొలి రికార్డు అచ్చుకు సిద్ధమైంది. వాళ్ళమ్మ నేసే మగ్గం చప్పుడే దాని మొదలు. అసలు కాపీలు వేసేముందు రికార్డులు అచ్చువేసే ఫ్యాక్టరీవాళ్ళు శాంపిల్ పంపుతారు. విని, తప్పుంటే చెప్పాలి, లేకుంటే సరే అనాలి. వాడుండే పల్లెకు కొరియర్ రాదని మా ఇంటి చిరునామా ఇచ్చాడు. రెండు పంపితే ఒకటి పగిలి వచ్చింది. రెండోది పగలకుండా వచ్చింది గానీ, విందామంటే ప్లేయర్ నా దగ్గర లేదు, వాడి దగ్గరుంది. మర్నాడు సాయంత్రం ఐదింటి లోపల జవాబు చెప్పకపోతే అచ్చు యంత్రం ఇంకొకరికి ఇచ్చేస్తామని ఫ్యాక్టరీవాళ్ళు కబురు పెట్టారు. ఓబులేసు ఫోన్లో మెల్లగా అన్నాడు. "ఇది తప్పిపోతే యంత్రాలన్నీ అమ్మేస్తానక్కా. ఇంక నాతో కాదు." వాడు ఉత్తినే బెదిరించే మనిషి కాదు. 

తెల్లారగానే కర్నూలు బస్టాండులో నంద్యాల బస్సెక్కాను. టిక్కెట్టు వందకు అటూ ఇటూ, ప్రయాణం రెండు గంటల లోపే. రికార్డును దుప్పటిలో చుట్టి, అట్టల మధ్య పెట్టి, సంచిలో నిలువుగా పట్టుకున్నాను. ఎండలో పెడితే ఈ నల్ల రికార్డు మెత్తబడి వంగుతుంది. ఒకసారి వంగిందంటే మళ్ళీ చక్కబడదు. సీట్లన్నీ నిండిపోయి డ్రైవరు వెనక నిలబడ్డాను. ఆయన నా సంచి చూసి జాలిపడ్డాడు. "ఆ సంచి ఇంజన్ మూత మీద పెట్టమ్మా, ఎంతసేపు మోస్తావు?" మూత మీద చెయ్యి పెట్టి చూశాను, అట్లు పోసుకోవచ్చు. "వద్దన్నా, మోస్తాలే" అన్నాను. "అంత బంగారం ఏముండాది దాంట్లో?" అని నవ్వాడు. "పాటన్నా" అన్నాను. మళ్ళీ నవ్వాడు, ఈసారి నన్ను చూసి. ఆ నవ్వుకు బస్సు కాస్త పక్కకు పోయినట్టనిపించి నేను నోరు మూసుకున్నాను.

నంద్యాలలో స్టేషను ముందు ఒక తోపుడు బండి దగ్గర బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాను. తప్పక తినండి, రుచి అమోఘం. నాకు మాత్రం గొంతు దిగలేదు. బండి నడిపే ఆమె "ఏమ్మా, కారమా?" అని అడిగింది. "కాదక్కా, భయం" అన్నాను. ఆమె ఇంకో బజ్జీ వేసి "కడుపులో ఇంత పడితే భయం తగ్గుతాది, తిను" అంది. అక్కణ్ణుంచి ఎర్రగుంట్ల పోయే పాసింజరు రైలు ఎక్కాలి. బనగానపల్లె, జమ్మలమడుగు మీదుగా నల్లరేగడి చేలు, నాపరాళ్ళ కుప్పలు దాటుకుంటూ పోతుంది. టిక్కెట్టు చవక, జనం తక్కువ. వేళలు మాత్రం మారుతుంటాయి, ముందురోజే కనుక్కోండి. నాకు కిటికీ అందాలు చూసే భాగ్యం లేకపోయింది. ఎండ ఎటు తిరిగితే దానికి ఎదురు వైపు సీటుకు మారుతూ, పెట్టెలో పిల్లిలా తిరిగాను. సంచిలో చెయ్యి పెట్టి అట్ట తడుముకుంటే వెచ్చగా తగిలింది. అది దాని వేడో, నా చేతి వేడో తెలియక ఏడుపొచ్చినంత పనైంది.

ఎర్రగుంట్లలో దిగేసరికి మధ్యాహ్నం మూడు కావస్తోంది. ఓబులేసు వాళ్ళ ఊరు కమలాపురం దారిలో ఉంది. ఆటో నడిపే మస్తాన్ భాయ్ సంచి వెనక పెట్టమన్నాడు. ఇంజను అక్కడే ఉంటుంది గదా, నేను ఒప్పుకోలేదు. లారీలు పక్కనుంచి పోయినప్పుడల్లా సిమెంటు దుమ్ము మబ్బులా లేచింది. ఆ దుమ్ము రికార్డు గీతల్లో పడితే ప్లేయర్ ముల్లు వాటిని గీసుకుపోతుంది. చీర కొంగు సంచి మీద కప్పి, దాని మీద నేను వంగాను. అద్దంలో చూసి భాయ్ ఆటో మెల్లగా చేశాడు. "ఏమ్మా, పసిబిడ్డనా?" "ఒకరి బిడ్డే అనుకో భాయ్." అంతే, ఇంక ఏమీ అడగలేదు. గతుకు వచ్చిన ప్రతిసారీ "పట్టుకోమ్మా" అని ముందే చెప్పాడు.

ఓబులేసు డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. వాళ్ళమ్మ సుబ్బమ్మ మగ్గం గుంటలోంచి లేచి ఎదురొచ్చింది. "రా పాపా, ఎండకు వడిలిపోయినావు. ఇట్లియ్యి, లోపల చల్లగా పెడ్తా. కాళ్ళు కడుక్కో పో." పొద్దుటినుంచి ఒక్క మనిషిని నమ్మని నేను ఆమెను నమ్మి సంచి చేతికిచ్చాను. దొడ్లో కాళ్ళు, మొహం కడుక్కుని లోపలికి వచ్చేసరికి కర్పూరం వాసన వచ్చింది. చూద్దును గదా, దేవుడి గూటి ముందు పీట. పీట మీద అట్టలు విప్పిన రికార్డు. దాని అంచున నాలుగు దిక్కులా తడి కుంకుమ బొట్లు. ఆమె చేతిలో వెలుగుతున్న హారతి పళ్ళెం, సరిగ్గా రికార్డు మీద.

"అమ్మా!" అని అరిచాను. ఆమె ఉలిక్కిపడి పళ్ళెం వెనక్కు తీసింది. "ఏం పాపా? కొత్త వస్తువు గదా. కొత్త పడుగు ఎక్కించినా నాలుగు మూలలా బొట్టు పెట్టందే మగ్గం ఆడించం మేము. దీనికి మూలలు ల్యావు, అందుకని నాలుగు దిక్కులా పెట్టినా."  బస్సు, రైలు, ఆటో, దుమ్ము, ఎండ అన్నీ దాటించి తెచ్చి, దేవుడి ముందు పోగొట్టానా అని వంగి రికార్డు అంచు చూశాను.

ఓబులేసు వచ్చాడు. గడపలోనే నిలబడి చూశాడు.  ప్లేయర్ మీద దుమ్ము కూడా వాలనివ్వని మనిషి. నేను గుసగుసగా "తుడిచెయ్రా, టైమైపోతాంది" అన్నాను. వాడు దూది తీశాడు, మళ్ళీ పెట్టేశాడు. "పెట్టిన బొట్టు ఎట్ల చెరిపేదక్కా? శుభమా అని పెట్టింది. తొలి పని. చెరిపితే..." అని ఆపేశాడు. వాడూ నాలాగే భయపడుతున్నాడని అప్పుడు తెలిసింది. గోడ గడియారం నాలుగు దాటింది.

పాట మొదలయ్యేది అంచునే గనక, చివరికి కళ్ళు మూసుకుని బొట్ల మీదే ముల్లు దించాడు. రికార్డు వంగలేదు, నేరుగానే తిరిగింది. ఆ ఒక్క భయం తీరింది. మగ్గం చప్పుడు మొదలైంది, దాంతోపాటే టిక్, టిక్, టిక్, టిక్. చుట్టుకు నాలుగు. కొంతసేపటికి ముల్లు బొట్లు దాటి లోపలికి పోయింది, టిక్కులు ఆగిపోయాయి. అక్కణ్ణుంచి అచ్చు శుభ్రంగా ఉంది. ఓబులేసు మాత్రం తలూపాడు. "మొదలే నాకు ముఖ్యమక్కా. అమ్మ మగ్గం ఒక్కటే ఉండేది ఆడ. ఆ టిక్కుల కింద అచ్చు బాగుండాదో ల్యాదో ఎట్ల తెలిసేది? తెలియకుండా సరే అనలేను."

సుబ్బమ్మ తలుపు దగ్గర నిలబడి వింటోంది. "అది మన మగ్గమే గదా నాయనా. పక్కన ఏందిరా ఆ టిక్కు టిక్కు?"   ఆమె రికార్డునూ బొట్లనూ మార్చి మార్చి చూసింది. "నా బొట్లేనా?" అని, గంజి పెట్టని మెత్తటి గుడ్డ తడిపి తెచ్చింది. "పెట్టిన చెయ్యే తీస్తే దోషం ల్యా. ఎట్ల తుడవల్లో చెప్పు." "గీతల వెంబడి, గుండ్రంగా అమ్మా" అన్నాడు వాడు.  ఆమె బిడ్డ మొహం తుడిచినట్టు తుడిచి, ఆరనిచ్చి, వాడి చేతికిచ్చింది.

మళ్ళీ ముల్లు దించాడు. మగ్గం ఒక్కటే. టిక్కు లేదు. ఎదురుగా గుంటలో మగ్గం ఖాళీగా ఉంది, చప్పుడు స్పీకరు పెట్టెల్లోంచి వస్తోంది. సుబ్బమ్మ మగ్గం వంక చూసి వెనక్కు జరిగింది. "నేను ల్యాకుండానే ఆడ్తాండాది గదరా. భయమైతాంది నాకు." ఓబులేసు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వేమ్మా ఆడించేది. బాగా విను." విన్నాం. ప్రతి దెబ్బ వెనకా సన్నగా గాజుల చప్పుడు. ఆమె తన చేతులు చూసుకుంది. ఐదింటికి ఇంకా కొన్ని నిమిషాలుండగా వాడు జవాబు పంపాడు, అచ్చు వేయండి అని.

ఆ రోజంతా నేను ఎండకు, ఇంజన్లకు, దుమ్ముకు భయపడ్డాను. అసలు భయపడాల్సింది ప్రేమగా అందుకునే చేతులకేనేమో అని హారతి ముందు ఒక్క క్షణం అనుకున్న మాట నిజం. ఆ చేతులే తుడిచి ఇచ్చాయి. తిరుగు రైల్లో మళ్ళీ భయం పట్టుకుంది, అసలు కాపీలన్నీ వచ్చాక ఆమె ఒక్కోదానికీ నాలుగేసి బొట్లు పెడితే? ఫోన్ చేసి అడిగితే ఓబులేసు నవ్వాడు. వాళ్ళమ్మ అప్పటికే శాంపిల్‌కు మళ్ళీ బొట్టు పెట్టేసిందట, ఈసారి నడుమ గీతల్లేని చోట అంటించిన కాగితం మీద, ఒక్కటి. అందుకని మీకు నా సలహా ఇదీ: రికార్డును నిలువుగా, దుప్పటిలో చుట్టి, నీడన తీసుకెళ్ళండి. మా వైపు ఇళ్ళలో అడుగుపెట్టగానే, కాళ్ళు కడుక్కోకముందే, బొట్టు పెట్టాల్సిన చోటు చూపించండి.