కళ్లు తెరిచిన ఫొటో

మా పెళ్లి ఫొటోలో నా భార్య కళ్లు మూసుకుని ఉంటుంది. తాళి కట్టే వేళ స్టూడియో అతను ఫ్లాష్ వేశాడు, ఆవిడ రెప్ప వేసింది. అదే ఫ్రేమై ముందుగదిలో గోడెక్కింది. చోడవరంలో మా ఇంట కాఫీ తాగి, "పెళ్లిలో నిద్రపోయేవేటమ్మా" అనని మనిషి ఇంకా పుట్టలేదు. ఆవిడ వాళ్లకి నవ్వుతూ కాఫీ ఇచ్చేది. ఆ పూట నాకు పచ్చడి మెతుకులే.

తొంభైల చివర ఒక ఆదివారం రెండు డిజిటల్ కెమెరాలు ఒకేసారి మా పెరట్లో దిగాయి. ఒకటి మా బావమరిది విశాఖపట్నంలో తన ఆఫీసు నుంచి అడిగి తెచ్చింది. రెండోది అనకాపల్లిలో వాచీల షాపున్న నా స్నేహితుడిది, వాళ్లన్నయ్య దుబాయ్ నుంచి పట్టుకొచ్చాడు. రెండూ సాయంత్రం బస్సుకి వెళ్లిపోవాలి. ఈలోగా కళ్లు తెరిచిన భార్య ఒక్క ఫొటోలోనైనా నాకు దొరకాలి.

పొద్దున్నుంచి నేను కూర్చున్నది లేదు. పెరట్లో తిరిగిన తిరుగుడు రోడ్డు మీద తిరిగుంటే చీడికాడ చేరి, కొండెక్కి దిగేవాణ్ణి.

బావమరిది కెమెరా బొత్తాం నొక్కాక ఆలోచనలో పడేది. వడ్డాదిలో బయల్దేరిన చెరకు బండి ఫ్యాక్టరీ గేటు చేరేంతసేపు ఆలోచించి, అప్పుడు టక్కుమనేది. అంతసేపు రెప్ప వేయకుండా ఉండటం దేవతలకే సాధ్యం.

"అక్కా, కదలకు. ఇంకా అవ్వలేదు."

"కళ్లంట నీళ్లు కారతన్నాయిరా. ఫొటో తీస్తన్నావా, పొలం దున్నతన్నావా?"

"పర్లేదు సెల్లెమ్మా, అప్పగింతల ఫొటో అనుకుంటారు" అన్నాడు నా స్నేహితుడు.

పైగా ఆ రెండు కెమెరాలూ పెన్సిల్ సెల్లుల్ని పకోడీల్లా తినేసేవి. నేను బజారుకీ ఇంటికీ పరిగెత్తి, దుకాణాల్లో ఉన్నవన్నీ ఊడ్చేశాను. ఆ రాత్రి ఊళ్లో ఒక్క టార్చిలైటూ వెలగలేదని చెప్పుకుంటారు.

చివరికి నలుగురం మెయిన్ రోడ్డు మీద కంప్యూటర్ నేర్పే గదిలో పడ్డాం. తెరమీద ఫొటో పైనుంచి గీత గీతగా దిగేది. అరటాకులు దిగాయి, జుట్టు దిగింది, నుదురు దిగింది. అక్కడ ఆగింది. నేను కుర్చీలోంచి లేచి, కూర్చుని, మళ్లీ లేచాను.

బావమరిది ఫొటో అద్భుతం. చీర జరీ పోగులు లెక్కపెట్టొచ్చు. అరటాకు మీది చీమ ఆడో మగో చెప్పొచ్చు. నెరిసిన వెంట్రుకలైతే పేరు పెట్టి పిలవొచ్చు. కళ్లు మాత్రం మూసే ఉన్నాయి. తీసినవన్నీ అంతే.

స్నేహితుడి ఫొటోలో మొహం నిండా గళ్లు. ముక్కూ ముక్కుపుడకా ఒకటైపోయాయి, నా భార్య ఎక్కడ ఆగి అరటిచెట్టు ఎక్కడ మొదలైందో తెలీదు. కానీ మధ్యలో రెండు నల్లటి చుక్కలు. కళ్లు. తెరిచే ఉన్నాయి.

"బావా, క్వాలిటీ సూడు. నాదాన్లో రెప్ప వెంట్రుకలు కూడా కనపడతన్నాయి."

"రెప్పలే కనపడతన్నాయి బాబూ. గొడవంతా అదే కదా" అన్నాడు స్నేహితుడు.

బస్సు వేళ దగ్గరపడుతోంది. నా భార్య మొదటి ఫొటోలో తెల్ల వెంట్రుకలు ఎంచుతూ మధ్యలో మానేసి, గళ్ల ఫొటో మీద వేలు పెట్టింది. "ఇది గోడకి."

"అది నువ్వేనని ఎవులికి తెలస్తాది అక్కా?"

ఆవిడ వేలు తీయలేదు. అదే ప్రింటు తీయించి, ఫ్రేము కట్టించి, పెళ్లి ఫొటో పక్కన తగిలించాం. వారం తిరక్కుండా ఎదురింటి పెద్దాయన వచ్చి, రెండూ తేరిపార చూసి అడిగాడు. "ఆ నిద్రపోతన్నది నువ్వు. ఈ పక్కనున్నావిడ ఎవులమ్మా?"

నేను గదిలో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాను.

"ఎవులైతేనేటండి" అంది నా భార్య, ఆయన చేతికి కాఫీ ఇస్తూ. "మెలకువగా ఉంది కదా."