డేటా కాని బావి

కామారెడ్డిలో ఇల్లు కట్టేవాళ్లు ముహూర్తం ఒకాయనను అడుగుతారు, వాస్తు ఇంకొకాయనను అడుగుతారు. కింద నేల ఎట్లాంటిదో మాత్రం ఎవరినీ అడగరు. సర్కారు కట్టడాలకు ఆ అడగడం తప్పనిసరి కాబట్టి మహ్మద్ ఘనీకి పాతికేళ్లుగా పని దొరుకుతోంది. ఆయన ఒక మట్టి పరీక్షల ల్యాబులో బోరు మేస్త్రి. మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, అరవై కిలోల పైచిలుకు బరువును లాగి వదిలి, గొట్టం అడుగు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెడతాడు. ఎక్కువ పడితే నేల గట్టిది, తక్కువ పడితే మెత్తది. ఈపాటి సంగతికి ఇంజనీర్లు నలభై పేజీల రిపోర్టు రాస్తారు. అందులో ముప్పై ఎనిమిది పేజీలు కిందటి రిపోర్టులోవే.

ఘనీ తండ్రి బావులు తవ్వినవాడు. ఘనీ ఏడో తరగతితో బడి మానేసి, సౌదీలోని దమ్మాంలో ఆరేళ్లు బోరు పని నేర్చుకుని తిరిగొచ్చాడు. ఆయనకో అలవాటుంది. ఏ ఊళ్లో స్టాండు దింపినా, ముందు ఆ వాడలో అందరికంటే ముసలివాళ్లు ఎవరో కనుక్కుని, ఈ జాగాలో ఇంతకుముందు ఏముండేదని అడుగుతాడు. చెప్పింది చెప్పినట్టు చొక్కా జేబులోని చిన్న నోటుబుక్కులో రాసుకుంటాడు. ల్యాబులో ఆ నోటుబుక్కుకు ఘనీ కథల పుస్తకం అని పేరు పెట్టి తెగ నవ్వుకునేవారు.

పిట్లంలో ఒక గోడౌను కుంగినప్పుడు ఆ నవ్వు కాస్త తగ్గింది. అక్కడ ఒకప్పుడు ఇటుక బట్టీ గుంత ఉండేదని ఘనీ ముందే నోటితో చెప్పాడు, ఎవరూ చెవిన వేసుకోలేదు. రెండు వానలకు గోడ నిలువునా చీలింది. విచారణకు వచ్చినవాళ్లు రిపోర్టు తెరిచి చూస్తే ఇంజనీరు సంతకం ఎవరిదో పోల్చుకునే వీలు లేదు. బోరు కాగితం మీద ఘనీ పేరు మాత్రం గుండ్రంగా, ముత్యాల్లా ఉంది. పిట్లంలో ఆయనను ఇప్పటికీ గోడౌన్ ఘనీ అంటారు. ఆ మాట వినపడితే ఆయనకు ముద్ద దిగదు. అప్పటినుంచి ముసలివాళ్లు చెప్పిన ప్రతి ముక్కనూ బోరు కాగితంలోని రిమార్కుల గడిలో రాసి, కింద సంతకం పెట్టేవాడు.

అట్లాంటి వేళ జిల్లాలో ఉమ్మడి నమూనా కమిటీ పుట్టింది. ల్యాబులన్నీ తమ బోరు వివరాలను ఒకే నమూనా ఫారం గడుల్లో నింపి ఇంటర్నెట్‌లో పెట్టాలి, ఎవరైనా ఉచితంగా చూసుకోవాలి. ఒకరు పరీక్షించిన నేల ఇంకొకరికి ఉపయోగపడుతుంది. ఆలోచన నిజంగా మంచిదే. కమిటీకి అధ్యక్షుడు ఒక ఇంజనీరింగ్ కాలేజీ ప్రొఫెసరు. లోతు మీటర్లలో రాయాలా అడుగుల్లో రాయాలా అని రెండు సమావేశాలు జరిగాయి. కమిటీ గుర్తు మీద పార ఉండాలా కంప్యూటరు ఉండాలా అని ఇంకొకటి జరిగింది, అందులో సమోసాలు చల్లబడ్డాయని కొంత గొడవ కూడా అయింది. మట్టి రకాల జాబితాను ఏదో దేశపు పుస్తకం నుంచి దించారు, అందులో మొరం లేదు. కామారెడ్డి జిల్లాలో మొరం లేని ఊరు చూపించమంటే ఎవరూ చూపించలేరు. చివరకు దాన్ని 'ఇతరములు' కింద రాయమన్నారు. జిల్లాలో సగం నేల ఆ రోజుతో ఇతరములైపోయింది.

క్షేత్రస్థాయి ప్రతినిధి అని ఘనీని కూడా ఒకసారి పిలిచి తలుపు పక్కన కుర్చీ వేశారు. రిమార్కుల గడిని తీసేస్తున్నామని, దాన్ని కంప్యూటరు లెక్కగట్టలేదని అప్పుడే చెప్పారు. మరి జనం చెప్పింది ఎక్కడ రాయాలని ఘనీ లేచి అడిగాడు.

"మనుషులు చెప్పింది డేటా కాదయ్యా," అన్నాడు ప్రొఫెసరు, చాలా మర్యాదగా.

అదే సమావేశంలో ప్రొఫెసరుకు ఇంకో ఇబ్బంది ఎదురైంది. మాదిరి ఫారం నింపుతుంటే పేరు గడిలో ఆయన డిగ్రీలన్నీ పట్టలేదు. సభ్యులంతా ఇది పెద్ద లోపమని ఒప్పుకుని, పేరు గడిని రెండువందల యాభై అక్షరాలకు పెంచారు. ఆ ఒక్క తీర్మానమే ఎవరూ వాదించకుండా పాసయింది.

ఆ నమూనా కింద ఘనీకి వచ్చిన పనుల్లో ఒకటి ఎల్లారెడ్డిలో ఆడపిల్లల హాస్టలు. రెండంతస్తులు, ఎనభై మంది పిల్లలు పడుకునే కట్టడం. ఐదు బోర్లు వేశాడు. ఐదింటిలోనూ గట్టి మొరం తగిలింది, దెబ్బలు యాభై దాటాయి. స్టాండు విప్పుతుండగా పక్క ఇంటి ఈరవ్వ వచ్చింది. రెండురోజులుగా ఊళ్లో లేదట, ఉండి ఉంటే ఘనీ ముందే అడిగేవాడు. ఆమె కర్రతో రెండో బోరుకూ మూడో బోరుకూ నడుమ నేలను పొడిచి చూపించింది.

"గీడ మా మోటబావి ఉండె బిడ్డా. పన్నెండు గజాల లోతు. ఎండిపోయినంక చెత్తా చెదారం, పెంకలు, బూడిద అన్నీ దాంట్లనే వోసి పూడ్చిండ్రు."

ఘనీ వెనక్కి తిరిగి సున్నపు గీతలు చూశాడు. సరిగ్గా ఆ చోటి మీదుగానే పునాది గీత పోతోంది. ల్యాబు ఇంజనీరు సిద్దార్థకు ఫోను చేస్తే, ఐదు బోర్లూ బ్రహ్మాండంగా ఉన్నాయి కదా, ఆరో దానికి కొత్తగా ఆర్డరు కావాలి అన్నాడు. నా చేతుల మీద ఉత్తగా వేస్తానని ఘనీ బతిమాలాడు. కాంట్రాక్టరు సున్నపు గీతల మీద ఎవరినీ కాలు పెట్టనివ్వలేదు. బావి సంగతి రిపోర్టులో ఉంటే చూపించు, ఆపుతానన్నాడు. రిపోర్టులో రాయడానికేమో గడి లేదు. నేలలో ఉన్న బావి కాగితంలో లేదు కాబట్టి నేలలో కూడా లేనట్టే లెక్క. తన పేరు ఈసారి ఎనభై మంది పిల్లల మీద కూలబోతోందని ఘనీకి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

ల్యాబులో వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించే అమ్మాయి అనూహ్య. ఘనీ ఆమె బల్ల ముందు కూర్చుని మొత్తం చెప్పాడు. ఆమె ఫారమంతా పైనుంచి కిందికి వెతికింది. కొన్ని గడులు అంకెలు తప్ప తీసుకోవు, కొన్ని జాబితాలో ఉన్న మాట తప్ప తీసుకోవు.

"ఏం రాసినా తీసుకునే గడి ఒక్కటే ఉంది చాచా," అంది చివరకు. "మీ పేరు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఘనీ చెబుతుంటే ఆమె ఆ గడిలో టైపు కొట్టింది. ఫారం చప్పుడు చేయకుండా తీసుకుంది.

లోకమంతా చూడొచ్చని తెరిచి పెట్టిన ఆ సమాచారాన్ని పంతొమ్మిది రోజుల్లో ఒక్కరూ తెరిచి చూడలేదు. సిద్దార్థ చూడలేదు, కాంట్రాక్టరు చూడలేదు, కమిటీలో పన్నెండు మందీ చూడలేదు. పునాది పోయడం సోమవారానికి ఖాయమైంది.

శుక్రవారం కామారెడ్డిలో నమూనా ప్రారంభోత్సవం. ఎక్కువ బోర్లు నమోదు చేసినవాళ్లకు ప్రశంసాపత్రాలు, వాటిలో మొదటిది నలభైయొక్క బోర్ల ఘనీకి. ఆయన వెళ్లనన్నాడు. భార్య ఖాజాబీ తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి చేతికిచ్చి, వెళ్లి ముఖం చూపించి రమ్మంది. పత్రాలు మనిషి చేయి పడకుండా కంప్యూటరే నేరుగా అచ్చు వేసిందని ప్రొఫెసరు వేదిక మీద గర్వంగా ప్రకటించాడు. కంప్యూటరు పాపం కష్టపడి, ప్రతి మేస్త్రి చివరి బోరులోంచి పేరు తీసుకుంది.

మైకు ముందు ఒక టీచరమ్మ నిలబడింది. ఎదుట ఏముంటే అది స్పష్టంగా, భావయుక్తంగా చదవడంలో ఆమెకు మంచి పేరుంది.

"శ్రీ మహ్మద్ ఘనీ, ఎల్లారెడ్డి హాస్టల్ జాగల రెండో బోరు మూడో బోరు నడుమ పూడ్చిన మోటబావి ఉన్నది, పన్నెండు గజాల లోతు, ఈరవ్వ చూపించింది, పునాది పోయొద్దు గారు," అని చదివింది. "వేదిక మీదికి రావలసిందిగా కోరుతున్నాం."

అలవాటు కొద్దీ కొందరు చప్పట్లు కొట్టారు. తర్వాత ఒక్కొక్కరే ఆపేశారు. ముఖ్య అతిథిగా వచ్చిన జిల్లా కలెక్టరు మేడం పత్రం చేతిలోకి తీసుకుని రెండుసార్లు చదివింది. ఇది డేటా కాదు మేడం, పేరు, అని ప్రొఫెసరు ఆమె చెవిలో సర్దిచెప్పబోయాడు.

"బావి ఉందా?" అని ఆమె ఘనీని అడిగింది.

"ఉంది మేడం. సోమారం పునాది పోస్తరంట. ఒక్కసారి తవ్వి సూడుండ్రి. లేకుంటే నా పని తీసేయుండ్రి."

సోమవారం కాంక్రీటుకు బదులు జేసీబీ వచ్చింది. గంటసేపు కాకముందే బావి గోడ రాళ్లు వరసగా బయటపడ్డాయి. లోపల పెంకలు, బూడిద, రేకు డబ్బాలు, ఎవరిదో పాత సైకిలు చక్రం. ఈరవ్వ గట్టు మీద కూర్చుని చక్రం ఎవరిదో కూడా చెప్పింది. హాస్టలును నలభై అడుగులు జరిపి, అక్కడ మళ్లీ బోర్లు వేయించారు.

కమిటీ ఊరుకోలేదు, వెంటనే సమావేశమైంది. జరిగిన ఘోరాన్ని తీవ్రంగా పరిగణించి, పేరు గడిని ఇరవై ఐదు అక్షరాలకు కుదించింది. ప్రొఫెసరు డిగ్రీల కోసం వేరే గడి పెట్టారు. అనూహ్యకు మెమో ఇచ్చారు. సిద్దార్థను ఘనీ ఇంటికి పంపారు, తప్పు పత్రం వాపసు ఇస్తే పేరు మాత్రమే ఉన్న శుభ్రమైన పత్రం ఇస్తామని.

ఖాజాబీ సిద్దార్థకు చాయ్ ఇచ్చింది. ఘనీ కొత్త పత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మడత పడకుండా సిద్దార్థ చేతిలోనే పెట్టాడు.

"మంచిగున్నది సార్. బావికి గూడ ఒక గడి పెట్టుండ్రి. పెట్టిననాడు గీ పాతది నేనే తెచ్చిస్త."

ఆ గడి ఇంకా రాలేదు. పత్రం కూడా ఘనీ ఇంటి గోడకే ఉంది.